తాళం పగలగొట్టేది ఒకటి... కాపలాని లేపేసేది ఇంకొకటి!

వైరస్ అనగానే మనకి గుర్తొచ్చేవి జ్వరం, జలుబు, నాలుగు రోజుల మంచం, ఐదో రోజు మిరియాల చారు. వచ్చిందా, పోయిందా... అంతే. కానీ కొన్ని వైరస్‌లు జ్వరం కూడా తెప్పించవు. చడీచప్పుడు లేకుండా కణంలో దూరి, ఏళ్ల తరబడి అక్కడే ఉండి మన డీఎన్ఏని పాడుచేస్తాయి. వాటిలో బాగా పేరుమోసింది హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. ఆడవాళ్లలో వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దాదాపు ప్రతి కేసులోనూ కారణం ఇదే. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి 1.2 లక్షలకు పైగా కొత్త కేసులు, సుమారు 80 వేల మరణాలు.

తమాషా ఏంటంటే, మనకి క్యాన్సర్ తెప్పించాలన్న ఉద్దేశం ఈ వైరస్‌కి లేదు. దానికి కావాల్సింది తన కాపీలు, అంతే. ఆ పని కోసం అది తయారుచేసే రెండు ప్రొటీన్లతోనే గొడవంతా.

మూసేసిన జిరాక్స్ షాపు

మన డీఎన్ఏలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటే, హెచ్‌పీవీకి ఉన్నవి సుమారు 8 వేలు. డీఎన్ఏని కాపీ కొట్టే సొంత మెషిన్ కూడా దాని దగ్గర లేదు. మన కణంలో ఉన్నదాన్నే వాడుకోవాలి. కానీ అది కాపీలు తీసుకోవాల్సిన పై పొరల్లోని కణాలు అప్పటికే విభజన మానేసి ఉంటాయి. జిరాక్స్ షాపుకెళ్తే షట్టర్ దించేసి ఉందన్నమాట.

ఆ షట్టర్‌కి వేసిన తాళం 'ఆర్‌బీ' అనే ప్రొటీన్. 'ఇప్పుడు కాపీలు తియ్యొద్దు' అని కణాన్ని ఆపి ఉంచడం దాని డ్యూటీ. వైరస్ తయారుచేసే 'ఈ-7' ప్రొటీన్ వెళ్లి ఈ ఆర్‌బీని పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. తాళం పోయింది, షట్టర్ లేచింది, మెషిన్ ఆన్.

కానీ షాపు రెడీగా లేదు కదా! డీఎన్ఏ తయారీకి కావాల్సిన ముడిసరుకు కణంలో చాలినంత ఉండదు. దాంతో కాపీ పని మధ్యలో ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్న చోట డీఎన్ఏ పోగులు తెగుతాయి. ఇంకోటి కూడా ఉంది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను అటూ ఇటూ లాగడానికి రెండు కేంద్రాలుండాలి. ఈ-7 ఉన్న కణాల్లో ఒక్కోసారి మూడు, నాలుగు తయారవుతాయి. అప్పుడు పంపకం తప్పుతుంది. ఒక కణానికి క్రోమోజోములు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ.

మరి కాపలా ఏమైంది?

నిజానికి డీఎన్ఏ దెబ్బతినడం మనకి రోజూ ఉండేదే. ఎప్పటికప్పుడు రిపేర్లు జరిగిపోతుంటాయి. దెబ్బ పెద్దదైతే 'పి-53' అనే ప్రొటీన్ రంగంలోకి దిగుతుంది. విభజనని ఆపుతుంది, రిపేరుకి టైమిస్తుంది. ఇక బాగుపడదనుకుంటే ఆ కణాన్ని చంపేస్తుంది. 1979లో శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టింది కూడా ఒక వైరస్ ప్రొటీన్‌కి అతుక్కుని ఉండగానే!

హెచ్‌పీవీ రెండో ప్రొటీన్ 'ఈ-6' పని ఈ కాపలాని లేపెయ్యడం. అదీ సొంత చేత్తో కాదు. అక్కర్లేని ప్రొటీన్లకి 'చెత్త' అని ముద్రేసి పారేసే ఏర్పాటు మన కణంలోనే ఉంది. ఈ-6 ఆ ముద్రని తీసుకెళ్లి పి-53 మీద వేయిస్తుంది. అంతే, మన కణమే తన కాపలాదారుణ్ని ముక్కలు చేసేస్తుంది. ఇక తెగిన డీఎన్ఏతో కణం విభజన చెందుతూ పోయినా అడిగే నాథుడుండడు.

పైగా వైరస్‌ల డీఎన్ఏని చెడగొట్టడానికి మన కణాల్లో ఉండే 'అపోబెక్' అనే ఎంజైములు ఈ గొడవలో మన డీఎన్ఏ అక్షరాలనే మార్చేస్తుంటాయి. కంచే చేను మేసినట్టు!

రుజువు ఎక్కడుంది?

1951లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళకి ఇదే క్యాన్సర్ ఉందని తేలింది. ఆమెని అడక్కుండానే కణాలు తీసుకున్నారు. ఆమె అదే ఏడాది చనిపోయింది. కానీ 'హీలా' పేరుతో ఆ కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఉన్నది హెచ్‌పీవీ-18. దశాబ్దాల తర్వాత శాస్త్రవేత్తలు ఆ కణాల్లో ఈ-6, ఈ-7 తయారీని ఆపి చూశారు. పి-53 తిరిగొచ్చింది. అన్నేళ్లుగా ఆగకుండా పెరిగిన కణాలు ఆగిపోయాయి!

మన చేతిలో ఉన్నది

భయపడాల్సిన పని లేదు. పెళ్లయినా కాకపోయినా, లైంగిక జీవితం ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకేదే. కాబట్టి దీన్నిబట్టి ఎవరి క్యారెక్టర్‌నీ కొలవకూడదు. ఎక్కువమందిలో రెండేళ్లలోపే ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని తరిమేస్తుంది. కొద్దిమందిలోనే పాతుకుపోతుంది. అక్కడినుంచి క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15, 20 ఏళ్లు పడుతుంది. దెబ్బ మీద దెబ్బ పోగవ్వాలి మరి. ఆ గడువే మనకి అవకాశం.

ఈ క్యాన్సర్ కణితుల్లో హెచ్‌పీవీని పట్టుకున్న జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. టీకా 2006లోనే వచ్చేసింది. 'టీకాతోనే వైరస్ వస్తుందేమో' అని కొందరి డౌట్. రాదు. అందులో ఉండేది వైరస్ పైడొప్ప మాత్రమే. లోపల డీఎన్ఏ లేదు, ఈ-6 లేదు, ఈ-7 లేదు.

మన దగ్గర ఈ టీకాపై అనుమానాలకి ఒక కారణం ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకి దీన్ని వేశారు. కొందరి మరణాలతో 2010లో ఆ ప్రాజెక్టు ఆగింది. టీకా వల్లే చనిపోయారనడానికి విచారణలో ఆధారం దొరకలేదు. కానీ అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు తీసుకోవడాన్ని పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. సైన్స్ సరైనదైనా, అడక్కుండా చేస్తే నమ్మకం పోతుంది. హెన్రియెట్టా విషయంలో జరిగింది కూడా అదేగా!

ఇప్పుడు అడిగి తెలుసుకునే వీలు మనకుంది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య టీకా వేయిస్తే ఎక్కువ లాభం. మగపిల్లలకీ వేయించొచ్చు. అయితే అప్పటికే దూరిన వైరస్‌ని టీకా బయటికి పంపలేదు. అందుకే 30 దాటిన ఆడవాళ్లకి పరీక్ష ముఖ్యం. కణాలు క్యాన్సర్‌గా మారకముందే దొరికిపోతాయి, చిన్న చికిత్సతో తీసేయొచ్చు. ఇంట్లో చెల్లి ఉంటే టీకా గురించి, అమ్మ ఉంటే పరీక్ష గురించి ఈ వారమే ఒకసారి డాక్టర్‌ని అడగండి.