నలభై దాటాక మారథాన్ పరుగు

ప్రశ్న: నా వయసు 43 సంవత్సరాలు. నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. వారం వారం షిఫ్టు మారుతుంది. ఇల్లు ఉప్పల్‌లో. బరువు 78 కిలోలు. సిగరెట్టు మానేసి రెండేళ్లయింది. మా నాన్నగారు 52వ ఏట గుండెపోటుతో పోయారు. నాకు ఆ గతి పట్టకూడదని, హైదరాబాద్ మారథాన్‌లో 42 కిలోమీటర్లు పరుగెత్తి తీరాలని పట్టుదల. ఇప్పటికి మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ మూడో వారానికే మానేశాను. ఉత్సాహం నిలిచే మార్గం చెప్పండి. మోకాళ్ల నొప్పికి మాత్ర వేసుకుని పరుగెత్తవచ్చునా? నా భార్య "ఈ వయసులో మీకిదేం పిచ్చి" అంటోంది. ఇంకొక చిన్న విషయం. వ్యాయామం కోసమని ఉప్పల్ స్కైవాక్ మెట్లు గబగబా ఎక్కుతుంటాను. ఈ నెలలో రెండు మూడుసార్లు ఛాతీ మధ్య పట్టేసినట్లయింది. రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోయింది. గ్యాస్ అనుకుంటున్నాను.

— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మీరు చివర "చిన్న విషయం" అని రాసినదే మీ ఉత్తరంలో పెద్ద విషయం. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

గ్యాస్ అయితే మెట్లు ఎక్కినప్పుడే వచ్చి, నిలబడగానే పోదు. శ్రమ పడినప్పుడు ఛాతీ పట్టేయడం, విశ్రాంతితో తగ్గడం గుండెకు రక్తం చాలడం లేదనడానికి గుర్తు కావచ్చు. కాదని పరీక్షలో తేలేవరకు అవునన్నట్లే జాగ్రత్త పడాలి. తండ్రికి 55 ఏళ్ల లోపు గుండెజబ్బు వస్తే కొడుకుకు ఆ ప్రమాదం ఎక్కువ. దానికి తోడు మీరు చాలాకాలం సిగరెట్టు తాగినట్టున్నారు.

అందుచేత ఈ రోజు నుంచి పరుగూ, మెట్లూ రెండూ ఆపండి. ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకోండి. మీకు ఇ.ఎస్.ఐ. సౌకర్యం ఉంటే నాచారంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. రక్తపు పోటు, చక్కెర, కొలెస్టరాల్, ఇ.సి.జి. చూస్తారు. ఒక మాట గుర్తుంచుకోండి. పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగుందని సంతోషపడి ఇంటికి వచ్చేయవద్దు. విశ్రాంతిలో ఉన్న గుండె చెప్పని సంగతి శ్రమలో బయటపడుతుంది. ట్రెడ్‌మిల్ పరీక్షో, మరొక పరీక్షో ఏది అవసరమో డాక్టరు నిర్ణయిస్తారు. మెట్ల మీద ఏం జరిగిందో ఆయనకు ఉన్నదున్నట్లు చెప్పండి. ఈలోగా ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, నిలబడినా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఎడమచేయికో దవడకో పాకినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇది చదివి పరుగు అంటేనే భయపడవద్దు. అమెరికాలో 2000 నుంచి 2010 వరకు మారథాన్, హాఫ్ మారథాన్ పరుగెత్తిన దాదాపు 1 కోటి 9 లక్షల మంది లెక్క తీస్తే 59 మందికి దారిలో గుండె ఆగింది. వారిలో 42 మంది చనిపోయారు. అంత మందిలో ఇది చాలా తక్కువ. కానీ కారణం తెలిసిన వారిలో ఎక్కువమందికి అప్పటికే గుండెజబ్బు ఉంది. ఆరోగ్యంగా ఉన్న గుండెను పరుగు చెడగొట్టదు. లోపల దాగి ఉన్న జబ్బును మాత్రం బయటపెడుతుంది.

పరీక్షలన్నీ బాగున్నాయని, పరుగెత్తవచ్చునని డాక్టరు అన్న తరువాతి మాట ఇక చెబుతాను.

మీరు మూడుసార్లు మానేసింది సోమరితనం వల్ల కాదు. తొందర వల్ల. మూడు వారాల్లో ఊపిరి కొంత అలవాటు పడుతుంది. మనసు "ఇంకా వేగంగా" అంటుంది. కానీ కండరాల చివర ఉండే స్నాయువులకూ, ఎముకలకూ బలం రావడానికి నెలలు పడుతుంది. ఊపిరి ముందుకు లాగుతుంటే మోకాళ్లు వెనక్కు లాగుతాయి. నొప్పి వస్తుంది, నొప్పితో విసుగు వస్తుంది, విసుగుతో పరుగు ఆగిపోతుంది. మీ విషయంలో జరిగింది ఇదే అనుకుంటాను.

42 కిలోమీటర్లంటే ఎంతో ఒకసారి చూడండి. 2017 నవంబరులో నాగోలు నుంచి మియాపూర్ వరకు మొదలైన మెట్రో దారి 30 కిలోమీటర్లు. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. అంటే మీ పక్కనున్న నాగోలులో మొదలుపెట్టి మెట్రో స్తంభాల వెంట మియాపూర్ చేరి, అక్కడి నుంచి ఇంకొక 12 కిలోమీటర్లు పోవాలి. మన కండరాల్లో, కాలేయంలో నిలవ ఉండే చక్కెర చాలామందికి సుమారు 30 కిలోమీటర్లకే అడుగంటుతుంది. మియాపూర్‌లో కాళ్లు సీసపు దిమ్మెలవుతాయన్నమాట. దీనికి మూడు వారాలు కాదు, మూడు నెలలూ చాలవు. ఈ ఆగస్టు మాట మరచిపోండి.

మొదటి రెండు నెలలు వారానికి నాలుగు రోజులు, రోజుకు అరగంట. రెండు నిమిషాలు నెమ్మదిగా పరుగు, మూడు నిమిషాలు నడక. క్రమంగా నడక తగ్గించి పరుగు పెంచండి. వేగం ఎంత అంటే, పక్కనున్న వారితో ఆయాసం లేకుండా రెండు వాక్యాలు మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్లే. వారం మొత్తం దూరాన్ని పదవ వంతు కంటే ఎక్కువ పెంచవద్దు. నాలుగో వారం తగ్గించి కాళ్లకు విశ్రాంతినివ్వండి. ఆరు నెలలకు 10 కిలోమీటర్లు, ఏడాదికి 21 కిలోమీటర్లు హాయిగా పరుగెత్తగలిగితే అప్పుడు పూర్తి మారథాన్ సంగతి ఆలోచించండి. దానికి ముందు వారానికొక పొడవాటి పరుగును 30 కిలోమీటర్ల దాకా పెంచి, చివరి రెండు మూడు వారాలు తగ్గించుకుంటూ రావాలి.

మన ఊళ్లో ఇంకొక చిక్కు ఉంది. ఆగస్టు పరుగుకు తయారయ్యేది ఏప్రిల్, మే ఎండల్లో. కాబట్టి వెలుతురు రాకముందే, బస్సులూ లారీలూ ఉప్పల్ రోడ్డు ఎక్కకముందే ముగించండి. వేడికి శరీరం అలవాటు పడడానికి పది పధ్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో దూరం తగ్గించండి. దాహం వేసినప్పుడు తాగండి. దాహం లేకపోయినా సీసాలకు సీసాలు నీళ్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. పరుగు తరువాత ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. గంటన్నర దాటిన పరుగులో దారిలో అరటిపండో, ఖర్జూరాలో తినాలి. పరుగెత్తేవాడు తడబడి మాట్లాడుతూ ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి చన్నీళ్లు పోసి, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం తప్పు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి చెమటతో నీరు తగ్గిన సమయంలో మూత్రపిండాలను దెబ్బ తీయగలవు. పైగా నొప్పి శరీరం వేసే కేక. మాత్ర ఆ కేకను ఆపుతుంది, గాయాన్ని ఆపదు. పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పికీ, ఒకేచోట వేలితో చూపించగల నొప్పికీ మందు విశ్రాంతి. రెండు వారాలకూ తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇక ఉత్సాహం. అది చుట్టం వంటిది, వచ్చిపోతుంది. ఇంట్లో ఉండేది అలవాటు. షిఫ్టు మారేవారు "రోజూ అయిదింటికి" అని ఒట్టు పెట్టుకుంటే మొదటి రాత్రి షిఫ్టుకే ఒట్టు తెగుతుంది. అందుచేత గడియారానికి కాక నిద్రకు ముడిపెట్టండి. ఏ షిఫ్టయినా సరే, నిద్ర లేచిన తరువాత మొదటి పని పరుగు. రాత్రి షిఫ్టు వారంలో పగలు నిద్ర లేచేది సాయంకాలమైతే, ఎండ దిగాక అప్పుడే పరుగు. నిద్ర మాని మాత్రం ఎన్నడూ పరుగెత్తవద్దు. బద్ధకంగా ఉన్న రోజు బూట్లు వేసుకుని పది నిమిషాలు నడిచి రండి. అప్పటికీ మనసు రాకపోతే తిరిగి రావచ్చు. చాలా రోజులు తిరిగి రారు. ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు చేయవద్దు. పోయిన రోజు పోయింది. గోడ మీది క్యాలెండరులో పరుగెత్తిన రోజుకు గుర్తు పెట్టండి. ఎన్ని కిలోమీటర్లో రాయనక్కర లేదు.

చివరగా మీ నాన్నగారి సంగతి. ఆయన జ్ఞాపకం మిమ్మల్ని లేపుతోంది, మంచిదే. కానీ భయంతో పరుగెత్తేవాడు దారి చూసుకోడు. ఛాతీ పట్టేస్తే గ్యాస్ అనుకుంటాడు. గుండెను కాపాడుకోవడానికి 42 కిలోమీటర్లు అక్కర లేదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సిగరెట్టు మానేసి మీరు అంతకంటే పెద్ద పరుగే గెలిచారు. మారథాన్ మందు కాదు, ముచ్చట. ముచ్చట తీర్చుకోవచ్చు, తొందర లేదు.

మీ భార్యగారు అడిగింది సరైన ప్రశ్నే. మెట్ల మీద జరిగిన సంగతి ఆమెకు చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. ఈ రాత్రే చెప్పండి. డాక్టరు దగ్గరకు ఆమెను కూడా తీసుకుని వెళ్లండి. అన్నీ బాగున్నాయని తేలితే ఉదయం నడకకు మీకు తోడు కూడా దొరకవచ్చు.