మూర్ఛ ఆగుతుంది, తలకు తగిలిన దెబ్బ మిగులుతుంది

బడిలో ప్రార్థన వరుసలో నిలబడ్డ పిల్ల ఒక్కసారిగా కుప్పకూలుతుంది. తల సిమెంటు గచ్చుకు కొట్టుకుంటుంది. ఒకరు తాళంచెవుల గుత్తి కోసం పరుగెత్తుతారు. ఇంకొకరు చెప్పు వాసన చూపిస్తారు. మిగతావాళ్లు ముట్టుకోవడానికి జంకి దూరం జరుగుతారు. రెండు నిమిషాల్లో మూర్ఛ ఆగిపోతుంది. తలకు తగిలిన దెబ్బను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

మూర్ఛ తర్వాత పిల్లలు కాసేపు మత్తుగా ఉండటం మామూలే. తలలో రక్తస్రావం జరిగినా కనిపించేది మత్తే. ఇలాంటి దెబ్బల్లో చాలావరకు పైపైనే మానిపోతాయి, నిజమే. కానీ 'ఫిట్స్ తర్వాత ఇంతే, పడుకుంటే సర్దుకుంటుంది' అన్న మాట ఒక్కోసారి ప్రాణం తీస్తుంది. పదేపదే వాంతులు, ఎప్పటికన్నా ఎక్కువసేపు తెలివి రాకపోవడం, కాలో చెయ్యో బలహీనపడటం, ముక్కు చెవుల నుంచి నెత్తురో నీరో కారడం, మళ్లీ మూర్ఛ రావడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూర్ఛ 5 నిమిషాలు దాటినా అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. వారిలో 80 శాతం మంది పేద, మధ్యాదాయ దేశాల వాళ్లే. సరైన చికిత్స అందితే 70 శాతం దాకా మూర్ఛ రాకుండా బతకగలరు. ఫినోబార్బిటాల్ లాంటి మందులు ఖరీదైనవి కావు. అయినా పిల్లలు పడిపోతున్నారంటే కారణం జబ్బు ఒక్కటే కాదు. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో మందు లేకపోతే, జిల్లా ఆసుపత్రికి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఆ కూలి మీదే బతికే ఇంట్లో మందు మధ్యలోనే ఆగిపోతుంది. మందు మానితే మూర్ఛ తిరగబెడుతుంది. తల పగిలేది ఆ తర్వాతే. దీన్ని కేవలం ప్రమాదం అనలేం.

1999లో వివాహ చట్టాలను సవరించి, పెళ్లికి అడ్డుగా చూపే కారణాల నుంచి మూర్ఛను తొలగించారు. చట్టం వెలివేతను వదిలింది, సమాజం వదల్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మూర్ఛ పేరు విడిగా లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించాల్సిన జబ్బుల్లో మూర్ఛ ఉంది. అయితే గుర్తించి కాగితం మీద రాస్తే సరిపోదు, మందు నెలనెలా చేతికి అందాలి.

'దెబ్బ తగిలితే మాది పూచీ కాదు, ఇంటికి తీసుకెళ్లండి' అనే బడులున్నాయి. బయటికి పంపడం రక్షణ కాదు, చదువు హక్కును లాక్కోవడం. చేయాల్సిన పనులు చిన్నవే. దళిత, ఆదివాసీ పిల్లలు చదివే గురుకులాల్లో, హాస్టళ్లలో మూర్ఛ ఉన్న పిల్లలకు పై మంచం ఇవ్వకూడదు. ఈతకు, బావి దగ్గరికి ఒంటరిగా పంపకూడదు. రోజూ మందు వేయించే బాధ్యత ఒక ఉద్యోగికి అప్పగించాలి. మూర్ఛ వచ్చినప్పుడు తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పాలనీ, నోట్లో ఏమీ పెట్టకూడదనీ ప్రతి ఉపాధ్యాయుడికీ నేర్పాలి.

ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక బాధ్యతల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణ చెబుతోంది. పడిపోయిన పిల్లను ముట్టుకోవడానికి జంకే చోట, ఆమెకు మందు అందని చోట, ఆ వాక్యం ఇంకా అమలు కావలసే ఉంది.