మాదకమరణములు: అభియోగమునకు గడువు

అమెరికా ఫెడరల్ న్యాయశాసనమున మొదటి శ్రేణి హత్యకు కాలపరిమితి లేదు. ముప్పదియేండ్లు గడచినను హంతకునిపై అభియోగము మోపవచ్చును. కాని హెరాయినో ఫెంటనిలో కొని సేవించి యొకడు మరణించినపుడు, దానిని విక్రయించినవానికి 1986 నాటి మాదకద్రవ్య చట్టము కనిష్ఠముగా ఇరువదియేండ్లు, గరిష్ఠముగా యావజ్జీవము కారాగారమును విధించుచున్నను, నేరము జరిగిన అయిదేండ్లలో అభియోగపత్రము వెలువడనిచో వాడు ఆ శిక్షాభయమునుండి శాశ్వతముగా విముక్తుడగును. దీనికి కారణము స్పష్టమే: అచ్చటి శాసనము ప్రాణము పోయినదా యని విచారింపక, మరణశిక్షకు తగిన నేరమా యని విచారించును. అట్టి నేరమునకు గడువు లేదు. ప్రత్యేక నిబంధన లేని తక్కినవాటికెల్ల 1954లో మూడేండ్లనుండి పెంచిన అయిదేండ్లే వర్తించును. మూడేండ్లకు మించిన కారాగారమునకు తగిన నేరములకు గడువే పెట్టని మన 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడునకును, దాని స్థానమున 2024 జూలైలో అమలునకు వచ్చిన సంహితకును అలవడిన తెలుగు పాఠకునకు ఇది వింతగా తోచుట సహజము.

2021 మొదలు వరుసగా మూడేండ్లు, ఏటేట లక్షకు పైగా జనులు మోతాదు మించి మరణించిన దేశమున, బిడ్డలను పోగొట్టుకొన్న తలిదండ్రులు ఈ గడువును తొలగింపుడని కోరుటలో అన్యాయమేమియు లేదు. అయినను గడువును పూర్తిగా ఎత్తివేయుట నాకు సమ్మతము కాదు.

ఏలయన, ఈ నేరమున నిరూపింపవలసిన సంగతులు రెండు. మొదటిది, మరణమునకు కారణము. మృతుని రక్తమున ఏయే విషములుండెనో చెప్పు పరీక్షాపత్రము ఏండ్లు గడచినను చెడదు. అయినను అనేక ద్రవ్యములు కలిసిన దేహమున చావునకు మూలమేదియో తేల్చుట సులభము కాదు. 2014 నాటి బర్రేజ్ కేసులో, హెరాయిన్ మరణమునకు తోడ్పడెనన్నంత మాత్రము చాలదనియు, అది లేకున్న ఆతడు బ్రతికియుండెడివాడని ప్రభుత్వమే ఋజువు చేయవలెననియు సుప్రీంకోర్టు నిర్ణయించినది. రెండవ సంగతి, ఆ పొట్లము ఎవరి చేతినుండి వచ్చినదన్నది. దీనికి ఆధారములు తోడి వ్యసనపరుల జ్ఞాపకములు, ఫోను సందేశములు. ఇవి మొదట చెడును, ముద్దాయిని నిర్దోషిగా నిలుపగల సాక్ష్యము సైతము వానితోనే మాయమగును.

అదియునుగాక, సొమ్ము పుచ్చుకొనక మిత్రునితో పంచుకొనుటయు ఫెడరల్ చట్టము దృష్టిలో పంపిణీయే. అనేక రాష్ట్రములలో, ఆపదవేళ అంబులెన్సును పిలిచినవానిని కాపాడు శాసనములున్నను, అవి సాధారణముగా తనయొద్ద కొద్దిపాటి మాదకమున్నదను ఆరోపణకు పరిమితములే గాని మరణమునకు కారణమైన పంపిణీనుండి రక్షింపవు. అట్టివానిపై యావజ్జీవము కత్తి వ్రేలాడునని తెలిసినచో, ఫోను చేయవలసిన చేయి వెనుదీయదా?

గడువు ముగిసిన కేసులకు కొత్త చట్టము ఎట్లును ఉపకరింపదు. ఒకమారు ముగిసిన గడువును పునరుద్ధరించుట రాజ్యాంగవిరుద్ధమని 2003లో స్టాగ్నర్ కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున రాబోవు మరణముల విషయమున చేయదగినది వేఱు: ప్రతి మోతాదు మరణమును ప్రమాదమని వ్రాసి కట్టిపెట్టక, మిగిలిన పొడిని, ఫోనును తొలిదినముననే స్వాధీనపఱచుకొనవలెను. లాభమునకై అమ్మినవాని విషయమున గడువు పదేండ్లకు పెంచవచ్చును. తోడి వ్యసనపరునితో పంచుకొన్నవానికి ఉన్న అయిదేండ్లే చాలును.