చిన్న రింగే కదా అనుకుంటే...

సాయంత్రం ఆరున్నర. లాల్‌దర్వాజాలో మా ఇంటి వాకిట్లో తులసికోట ముందు అమ్మ దీపం పెట్టబోతోంది. అగ్గిపుల్ల గీయబోయి ఆగిపోయింది. ‘ఏందిరా ఈ వాసన?’ అంది. వెళ్లి చూస్తే, కోటకు నాలుగడుగుల దూరంలో నిలబెట్టిన నా బండి కింద అరచేతి వెడల్పున తడి. పెట్రోలు! ఆ రోజు అమ్మకు జలుబు చేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తప్పు మెకానిక్‌ది కాదు, బండిదీ కాదు. అచ్చంగా నాదే. అంతకు రెండు రోజుల ముందు ట్యాంకు కింద ఆన్, రిజర్వ్ అంటూ తిప్పే కాక్ దగ్గర చెమ్మ కనిపించింది. విప్పి చూస్తే లోపలి రబ్బరు రింగు గట్టిపడి పగుళ్లిచ్చింది. దీనికోసం మెకానిక్ దాకా ఎందుకనుకున్నాను. సందు చివరి హార్డ్‌వేర్ దుకాణంలో నీళ్ల పంపులకు వేసే రింగుల డబ్బా ఉంది. అందులోంచి సరిగ్గా అదే సైజుది ఏరుకొచ్చి బిగించాను. ఒక్క చుక్క కారలేదు. ఇంట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. మర్నాడు కాక్ తిప్పడం కాస్త బిగుతుగా అనిపించింది. కొత్తది కదా అనుకున్నాను. ఆ మర్నాడే దీపం ముచ్చట.

బండిని తోసుకుంటూ శాలిబండలో ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. మా నాన్న స్కూటరు కూడా ఆయన చేతి మీదుగానే నడిచింది. కాక్ విప్పి నా రింగును గోటితో బయటికి లాగారు. నానబెట్టిన శనగగింజలా ఉబ్బిపోయి ఉంది. మళ్లీ దాని గాడిలో పెడదామంటే పట్టదు! ‘సబ్ కాలా రబ్బర్ ఏకీచ్ నై హోతా బేటా’ అన్నారు. నల్లగా ఉన్న రబ్బరంతా ఒకటి కాదు నాయనా అని.

ఆయన మాట అక్షరాలా నిజం. రబ్బరులోనూ జాతులున్నాయి. ఇంజిన్ ఆయిలుకూ, పెట్రోలుకూ మామూలుగా వాడేది నైట్రైల్ రబ్బరు. సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వేడి దాకా బాగానే ఓర్చుకుంటుంది. అంతకు మించిన వేడి తగిలే చోట, ఇథనాల్ కలిసిన పెట్రోలు తగిలే చోట విటాన్ మేలు. 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ధర మాత్రం కొన్ని రెట్లు ఎక్కువ. సిలికాన్ వేడికి గట్టిదే కానీ పెట్రోలు దగ్గర పనికిరాదు. ఇక నీళ్ల పైపుల్లో ఎక్కువగా వాడే ఈపీడీఎం అనే రబ్బరు ఉంది చూశారూ... నీళ్లలో ఏళ్ల తరబడి చెక్కుచెదరదు, పెట్రోలు తగిలితే మాత్రం ఉబ్బిపోతుంది. నేను బిగించింది ఆ బాపతే.

రంగు చూసి పోల్చుకుందామంటే కుదరదు. విటాన్ తరచూ గోధుమ రంగులోనో ఆకుపచ్చలోనో వస్తుంది, నల్లగానూ వస్తుంది. నైట్రైల్ నలుపే, ఈపీడీఎం నలుపే. కాబట్టి విడి డబ్బాలోంచి ఏరుకోవడం కన్నా పార్టు నంబరు రాసి ఉన్న కంపెనీ ప్యాకెట్ నయం. పుత్లీబౌలి వైపు స్పేర్ పార్టుల దుకాణాలకు వెళ్లేటప్పుడు బండి మోడల్, తయారైన సంవత్సరం చీటీ మీద రాసుకెళ్లండి. ‘స్ప్లెండర్‌కి ఒక రింగివ్వండి’ అంటే ఏ రింగని ఇస్తాడు పాపం! మార్కెట్లో దొరకని పాత బండి అయితే రాణీగంజ్‌లో ఆయిల్ సీళ్లు, రబ్బరు సామాను అమ్మే చోట కొలత చెప్పి, ‘పెట్రోలుకు’ అని గట్టిగా చెప్పి తీసుకోవాలి.

కొలతంటే గుర్తొచ్చింది. ఓ-రింగుకు రెండు కొలతలుంటాయి. ఒకటి లోపలి వ్యాసం, రెండోది రబ్బరు తీగ మందం. మనం మొదటిదే చూస్తాం, మోసపోయేది రెండోదాని దగ్గర. ఉదాహరణకు గాడి లోతు 1.9 మిల్లీమీటర్లు అనుకోండి. అందులో 2.4 మందం రింగు పెట్టి బిగిస్తే దాదాపు అయిదో వంతు నొక్కుకుంటుంది. కారకుండా ఆపేది ఆ నొక్కుడే. అదే చోట 2 మిల్లీమీటర్ల రింగు పెట్టారనుకోండి, నొక్కుకునేది ఇరవయ్యో వంతు. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి! ఇంకో తిరకాసు... పాత రింగును కొలిచి కొత్తది తెచ్చుకోకూడదు. అది అప్పటికే నలిగి పల్చబడో, ఉబ్బి లావెక్కో ఉంటుంది. గాడిని కొలవాలి, లేదా నంబరును నమ్మాలి. చిన్న రింగును సాగదీసి ఎక్కించడమూ అంతే. సాగిన మేరకు మందం తగ్గిపోతుంది.

ఇప్పుడు పాత బండ్ల వాళ్లకు మరో లెక్క వచ్చి పడింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి రావడం మొదలైంది. 2025కల్లా దేశమంతా పరుచుకుంది. పదిహేనేళ్ల కిందటి కార్బొరేటర్ బండ్లలోని రబ్బరును దీన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేయలేదు. అందుకే కాక్, కార్బొరేటర్ కింది గిన్నె దగ్గర రింగులు మార్చే పని పడితే విటాన్ దొరుకుతుందేమో అడగండి. నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే. కొత్త ఇంజెక్షన్ బండ్లలో ఇంధనం దాదాపు 3 బార్ల ఒత్తిడితో పోతుంది. అక్కడ రింగు వదులైతే కారడం ఉండదు, చిమ్మడమే. ఆ పని ఇంట్లో పెట్టుకోవద్దు.

డిస్క్ బ్రేకు దగ్గర కథ పూర్తిగా తిరగబడుతుంది. పెట్రోలుకు పనికిరాని ఈపీడీఎం రబ్బరే డాట్-3, డాట్-4 బ్రేకు ఆయిలుకు సరైంది. అక్కడ నైట్రైల్ వేస్తే పాడవుతుంది. జారడానికని గ్రీజో, ఇంజిన్ ఆయిలో రాసినా ఆ రబ్బరు ఉబ్బి బ్రేకు పట్టేస్తుంది. పేరుకు ఆయిలే అయినా బ్రేకు ఆయిలు వేరు, ఇంజిన్ ఆయిలు వేరు. ఆ భాగానికి కంపెనీ కిట్ తప్ప వేరేది వేయనివ్వకండి. మెకానిక్ ఎంత చుట్టమైనా సరే.

ఈ రింగుకు 1937లో పేటెంటు కోరింది నీల్స్ క్రిస్టెన్సన్ అనే డెన్మార్క్ సంతతి అమెరికన్. 1939లో మంజూరైంది. ప్రపంచమంతా దీని పేరు విన్నది మాత్రం 1986 జనవరి 28 నాటి ప్రమాదం తర్వాతే. చలికి బిగుసుకుపోయిన రింగు సందు మూయలేక చాలెంజర్ వ్యోమనౌక 73 సెకన్లకే ముక్కలైంది. ఏడుగురు పోయారు. విచారణలో శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను నొక్కి ఐసు నీళ్లలో ముంచి తీసి చూపించాడు. వదిలినా అది వెంటనే మామూలు ఆకారానికి రాలేదు. మన ఊళ్లో ఆ చలి ఎక్కడిది గానీ, ఇంజిన్ హెడ్ మీద ట్యాపెట్ మూతల రింగులను వేడి అలాగే బిగదీస్తుంది. మూత విప్పినప్పుడు రింగును వేళ్ల మధ్య నొక్కి చూడండి. గుండ్రంగా తిరిగిరాకుండా బల్లపరుపుగా ఉండిపోతే మార్చాల్సిందే. దాని మీద ప్యాకింగ్ పేస్టు పూసి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. పిండుకుని లోపలికి రాలిన పేస్టు ఆయిలు దారిలో అడ్డుపడితే ఇంజిన్‌కే ఎసరు.

ఉస్తాద్ నా కాక్‌కు కొత్త రింగు వేసే ముందు గాడిని గుడ్డతో తుడిచి, రింగుకు ఒక చుక్క ఇంజిన్ ఆయిలు రాసి, మెలిపడకుండా వేలితోనే కూర్చోబెట్టారు. స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. కాక్ తెరిచి పావుగంట బండి కింద పాత పేపరు పరిచి ఉంచారు. పేపరు పొడిగా ఉందని చూపించాకే డబ్బులు తీసుకున్నారు.

బండిని ఇప్పుడు గేటు బయటే పెడుతున్నాను. అయినా అమ్మ దీపం వెలిగించే ముందు ఒకసారి గట్టిగా గాలి పీల్చి చూసుకుంటోంది.