రెండు లిపుల నోటుపుస్తకం

విద్యార్థికి పాఠ్యగ్రంథం ఎంత అవసరమో, తాను స్వయంగా వ్రాసుకొన్న నోట్సు కూడా అంతే అవసరం. పాఠ్యగ్రంథం అందరిదీ, నోట్సు మాత్రం అతనిదే. ఉపన్యాసంలో ఏది ముఖ్యమని తోచింది, ఏది అర్థం కాలేదు, ఏ సందేహం మిగిలిపోయింది అన్న సంగతులు అందులోనే కనిపిస్తాయి. ఒకప్పుడు కాగితం మీదనే సాగిన ఈ పని నేడు చాలామందికి సెల్‌ఫోనులోనికి చేరింది. 2008లో ఎవర్‌నోట్, 2013లో గూగుల్ కీప్, ఆ తరువాత నోషన్, అబ్సిడియన్, జాప్లిన్ వంటి యాప్‌లు వచ్చాయి. చేయవలసిన పనులను గుర్తు చేయడం, ఫొటోలోని అక్షరాలను చదవడం, ఇటీవల కృత్రిమ మేధతో సారాంశం వ్రాసిపెట్టడం వంటి సౌకర్యాలు ఏటేటా పెరుగుతున్నాయి.

ఈ అభివృద్ధిని కాదనవలసిన పని లేదు. కాని ఉర్దూ, తెలుగు భాషలు రెండూ వినిపించే మన కళాశాల వంటి చోట ఒక విషయం ఆలోచించక తప్పదు. ఒకే పుటలో రెండు లిపులూ వ్రాసుకోవలసిన విద్యార్థికి ఈ యాప్‌లు చేసే సహాయం స్వల్పం. ఇబ్బంది పడలేక అతడు తెలుగును, ఉర్దూను కూడా రోమన్ అక్షరాలలో వ్రాయడానికి అలవాటు పడుతున్నాడు. ఒకే మాటను ఈ రోజు ఒక విధంగా, రేపు మరొక విధంగా వ్రాస్తాడు. అవసరమైనప్పుడు వెదికితే దొరకదు. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. ఏడాది పొడుగునా పరాయి అక్షరాలలో వ్రాసిన చేయి పరీక్షాపత్రం మీద సొంత లిపి వ్రాయడానికి తడబడుతుంది. ఆ తడబాటు ఒక తరం పాటు సాగితే లిపి సంతకానికే పరిమితమవుతుంది. కనుక ఈ యాప్‌లలో చేరవలసిన కొత్త సౌకర్యాలను గురించి నాలుగు సూచనలు విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాను.

మొదటిది వ్రాత దిశకు సంబంధించినది. తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు నడుస్తాయి. తెలుగు దిశలో అమర్చిన పేరాలో ఒక ఉర్దూ వాక్యం వ్రాసి, దాని నడుమ ఒక తెలుగు మాట పెట్టి చూడండి. ఆ మాటకు ముందున్న ఉర్దూ భాగం ఎడమ ప్రక్కకు, తరువాతి భాగం కుడి ప్రక్కకు చేరుతాయి. కుడి నుండి చదివేవారికి వాక్యం తలక్రిందులవుతుంది. దీనికి పరిష్కారం దుర్లభం కాదు. ప్రతి పేరాకు వేరువేరుగా దిశను నిర్ణయించే మీట ఒకటి కంటికి కనిపించే చోట ఉండాలి. దిశతో పాటు కీబోర్డు కూడా తానుగా మారాలి. ఉర్దూ అక్షరాలకు నస్తాలీఖ్ రూపం కూడా ఉండాలి. నస్తాలీఖ్‌లో మాట ఏటవాలుగా దిగుతుంది. దానికి తగినంత ఎత్తు పంక్తికి ఇవ్వకపోతే అక్షరాల తలలూ పాదాలూ తెగిపోతాయి. కాతిబుల చేతివ్రాత మీదనే ఆధారపడిన ఉర్దూ పత్రికలకు యంత్రంపై ఆ సొగసును అందించిన నూరీ నస్తాలీఖ్ 1981లోనే వెలువడింది. ఇన్నేళ్ళ తరువాత ఒక చిన్న నోటు వ్రాసుకొనే చోట అది అందకపోవడానికి కారణం సాంకేతిక లోపం కాదు, శ్రద్ధాలోపం.

రెండవది వెదకడం. వెదికినప్పుడు దొరకని నోట్సు లేనిదానితో సమానం. ఉర్దూ ‘కాఫ్’కు, అరబీ ‘కాఫ్’కు కంప్యూటరులో వేరువేరు సంకేతాలు ఉన్నాయి. మాట మొదటా నడుమా రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. కంటికి ఒకటైన మాట యంత్రానికి రెండవుతుంది; ఒక కీబోర్డుతో వ్రాసినది మరొక కీబోర్డుతో వెదికితే దొరకకపోవచ్చు. ‘యే’ అక్షరానిదీ ఇదే అవస్థ. తెలుగులోనూ ఇటువంటి చిక్కులు ఉన్నాయి. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘వే’ ఒత్తుగా మారకుండా నిలిపేది కంటికి కనిపించని ఒక గుర్తు. అది లేకుండా వెదికితే మాట చిక్కకపోవచ్చు. ‘పుస్తకం’ అని వెదికినవారికి ‘పుస్తకాలు’, ‘పుస్తకాన్ని’ అన్న రూపాలు కూడా కనిపించాలి. సున్నతో సహా అక్షరాలను పోల్చే యంత్రానికి ఇవి దొరకవు. అకారాది క్రమం కూడా చూడవలసినదే. సంకేతసంఖ్యల వరుసనే నమ్ముకొన్న యాప్‌లో, ‘బే’ తరువాతనే రావలసిన ‘పే’ ఎక్కడో వెనుకకు పోయి, ‘నమక్’ ముందు వచ్చి ‘పానీ’ తరువాత వస్తుంది. కావున రెండు భాషల వ్యాకరణమూ, వర్ణక్రమమూ తెలిసిన వెదుకులాట కావాలి.

మూడవది పారిభాషిక పదాల పట్టిక. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ‘ఖువ్వత్’ తెలుసు, తెలుగు మాధ్యమం వానికి ‘బలం’ తెలుసు. తరగతిలో వినిపించేది ఇంగ్లీషు మాట. నోట్సులో ఒక మాట తగిలినప్పుడు మూడు భాషలలోని పదాలనూ ప్రక్కప్రక్కన చేర్చి దాచుకొనే వీలు ఉంటే, ప్రతి విద్యార్థి తన నిఘంటువును తానే నిర్మించుకొంటాడు. మన ప్రాంతానికి ఇది కొత్త సంకల్పమేమీ కాదు. ఉర్దూ మాధ్యమంగా 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు దారుత్తర్జుమా శాస్త్రపదాలను ఉర్దూలో రూపొందించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఆ సేవనే తెలుగుకు చేసింది. పండితులు కూర్చిన ఆ పదాలు విద్యార్థి చేతివ్రేళ్ళకు అందడమే ఇక మిగిలిన పని.

నాల్గవది యాజమాన్యం. నోట్సు ఎవరిది? పనుల జాబితాలకు పేరొందిన వండర్‌లిస్ట్‌ను 2015లో మైక్రోసాఫ్ట్ కొని, 2020 మే నెలలో మూసివేసింది. 2023 చివర ఎవర్‌నోట్ ఉచిత ఖాతాలకు 50 నోట్ల పరిమితి విధించింది. వ్యాపారసంస్థలకు ఆ అధికారం ఉండవచ్చు. కాని మూడేళ్ళ డిగ్రీ చదువు ఒకరి నిర్ణయానికి తాకట్టు కారాదు. నోట్లన్నీ సాదా అక్షరాల ఫైళ్ళుగా విద్యార్థి ఫోనులోనే నిలవాలి. అబ్సిడియన్ ఇప్పటికే ఈ పద్ధతిని పాటిస్తున్నది. నెట్‌వర్క్ లేని చోట కూడా తెరుచుకోవాలి. ఒకే ఫోనును అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ పంచుకొనే ఇళ్ళు మనకు కొత్త కాదు కనుక, ఒక ఫోనులో ఎవరి నోటుపుస్తకం వారికి వేరుగా, తాళంతో ఉండాలి.

ఇంత కొద్దిమంది కొరకు ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఈ అవసరం మనకు మాత్రమే పరిమితం కాదు. కుడి నుండి వ్రాసే అరబీ, హీబ్రూ, ఫారసీ, సింధీ భాషలవారు ఇతర లిపులతో కలిపి వ్రాయవలసి వచ్చినప్పుడు ఇదే చిక్కు ఎదుర్కొంటారు. తెలుగుకూ, అరబీ లిపికీ 1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే స్థానం లభించింది; పునాది ఉన్నది, గోడ లేపడమే తరువాయి. 2017లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రెండవ అధికార భాషగా రాష్ట్రమంతటికీ వర్తింపజేశాయి. చట్టం ఇచ్చిన గౌరవం విద్యార్థి చేతిలోని ఫోనులో కనిపించకపోతే అది కాగితం మీదనే మిగులుతుంది. ఇక సారాంశాలు వ్రాసిపెట్టే కృత్రిమ మేధ సంగతి. పాఠంలో ఏది నిలుపుకోవాలో, ఏది విడవాలో తేల్చుకొనే ప్రయత్నమే చదువు; ఆ ప్రయత్నాన్ని యంత్రానికి అప్పగిస్తే పుట నిండుతుంది గాని బుద్ధి నిండదు.

కోరడంతో ఆగిపోక, మనం చేయగలిగినది కూడా ఉన్నది. కళాశాల కమిటీవారు కంప్యూటరు ప్రయోగశాలలో నస్తాలీఖ్ అక్షరరూపాన్ని, తెలుగు, ఉర్దూ కీబోర్డులను అన్ని యంత్రాలలోనూ అమర్చాలని మనవి. ఉర్దూ, తెలుగు శాఖల అధ్యాపకులు రెండు భాషలూ కలిసిన ఒక పుట తయారుచేసి ఇస్తే, విద్యార్థులు దానిని నాలుగైదు యాప్‌లలో వ్రాసి, వెదికి, దోషాలను పట్టిక కట్టి నిర్మాతలకు పంపవచ్చు. జాప్లిన్ వంటివి తమ ప్రోగ్రామును అందరికీ బాహాటంగా ఉంచాయి. కంప్యూటరు శాస్త్రం చదివే మన విద్యార్థులు సరిదిద్దడానికే పూనుకోవచ్చు. ఈ రెండు లిపులలోని చిక్కు ప్రతిదినం అనుభవించేవారు మనమే గనుక, దానిని స్పష్టంగా వ్రాసి చెప్పవలసిన బాధ్యత కూడా ముందు మనదే.