ఆగినట్లు కనిపించే చోట

గత వేసవిలో, హైస్కూలులో చదువుతున్న మా అమ్మాయి కలన గణితం లెక్కలు చేసుకొంటూ ఉండగా ఒక ప్రశ్న వేశాను: "వేగం సున్నా అయిన క్షణాన త్వరణం ఎంత?" తడుముకోకుండా "సున్నాయే కదా నాన్నా!" అన్నది. అవకలనాలు అవలీలగా కట్టగల పిల్ల!

ఈ విషయంలో నా తొలి గురువు మా అమ్మ కాలితో తొక్కిన కుట్టుమిషను. పాదాలు ఆనించే పలక, నిలువు కడ్డీ, చక్రానికి అమర్చిన క్రాంకు, కదలని చట్రం - ఈ నాలుగింటి సంధానమే అది. పలక కొసకు చేరినప్పుడు కడ్డీ, క్రాంకు ఒకే సరళరేఖలోకి వస్తాయి. అక్కడ ఎంత గట్టిగా తొక్కినా చక్రం కదలదు. ఆ స్థానాన్ని దాటించేది చక్రపు జడత్వమే. కొత్తవారి చేతిలో చక్రం వెనక్కు తిరిగి దారం చిక్కుపడేదీ అక్కడే.

కారు ఇంజనులోనూ ఇదే సూత్రం. క్రాంకు పొడవు 4, కనెక్టింగ్ రాడ్ పొడవు 12 సెంటీమీటర్లు, భ్రమణాలు నిమిషానికి 3,000 అనుకొందాం. పిస్టన్ పై కొసకు చేరిన క్షణాన దాని వేగం సున్నా. త్వరణం మాత్రం అక్కడే గరిష్ఠం. గురుత్వ త్వరణానికి 500 రెట్లకు పైమాటే! అడుగు కొసలోనూ వేగం సున్నాయే, కాని త్వరణం సరిగ్గా సగం. రాడ్ వాలు వలన కలిగే భాగం పైన కూడుకొంటుంది, క్రింద తరిగిపోతుంది. పిస్టన్లను తేలికైన అల్యూమినియం మిశ్రమలోహంతో పోతపోయడానికి ఇదొక కారణం. రసాయనికుడినైన నాకు ఇది పరిచితమే: రసాయన బంధాన్ని స్ప్రింగుగా ఊహిస్తే, పరమాణువులు ఆగి వెనుదిరిగే కొసలలోనే వాటిపై బలం అత్యధికం.

ఇథాకాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 1882లోనే జర్మన్ ఆచార్యుడు ఫ్రాంజ్ రూలో రూపొందించిన యంత్ర నమూనాలను బోధన కొరకు తెప్పించింది. సమీకరణంతోపాటు కంటికి కదలిక కూడా కనిపించాలన్నది అందులోని వివేకం. మనమో, పిల్లల మార్కులు చూసి మురిసిపోయి, వారికి అర్థమైనదో లేదో అడగడం మరచిపోతున్నాము. మార్కులు వద్దనను, అవి కళాశాల తలుపు తెరుస్తాయి. లోపలికి వెళ్ళాక నిలబెట్టేది మాత్రం అవగాహనే. మన వార్షిక సభలలో పాటల పోటీల ప్రక్కన ఇటువంటి నమూనాలకొక బల్ల వేయలేమా?

ఆ సాయంత్రం అట్టముక్కలు, గుండుసూదులతో అమ్మాయి చేత ఒక సంధానం చేయించాను. మెల్లగా త్రిప్పుతూ కొస దగ్గర తేరిపార చూసి అన్నది: "ఇది ఆగడం లేదు నాన్నా, వెనక్కు మళ్ళుతున్నది!"

ఆ మళ్ళించేదే త్వరణం.