శిక్ష పడినంత మాత్రాన హక్కు పోదు

ఇంకొకరి పేరు వాడుకున్నాడని, దొంగ సంతకంతో చెక్కు మార్చాడని ఇంట్లో ఒకరికి జైలు శిక్ష పడితే ఆ కుటుంబానికి నోరు పెగలదు. బంధువులకు చెప్పుకోలేరు, మసీదులో పెద్దల ముందు తలెత్తలేరు. ‘చేసింది అనుభవించనీ’ అని చుట్టూ ఉన్నవారు తేల్చేస్తారు. ఆ మౌనంలోనే అప్పీలు గడువు దాటిపోతుంది.

చెక్కు చట్టం దృష్టిలో విలువైన పత్రం. దానిని ఫోర్జరీ చేసినట్లు రుజువైతే భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలు, యావజ్జీవ శిక్ష సైతం పడవచ్చు. అయితే నకిలీ పత్రాన్ని వాడాడనడానికి, అది నకిలీదని అతనికి తెలుసనో, అలా నమ్మడానికి తగిన కారణం ఉందనో రుజువు కావాలి. యజమాని ఇచ్చిన చెక్కును బ్యాంకులో వేసివచ్చిన గుమాస్తాకు ఆ సంగతి తెలుసా? చేవ్రాత నిపుణుడి అభిప్రాయానికి ఇతర సాక్ష్యం తోడుందా? విధించిన శిక్ష నేరానికి తగినదేనా? ఈ ప్రశ్నలను పై కోర్టు ముందుంచడమే అప్పీలు. అది దయాభిక్ష కాదు.

నిజంగా తప్పు చేసినవాడికీ ఈ హక్కు ఉంటుందా? ఉంటుంది. 1978 నాటి ఎం.హెచ్. హోస్కోట్ కేసు అందుకు సాక్ష్యం. నకిలీ డిగ్రీల కోసం విశ్వవిద్యాలయ ముద్రను తయారు చేయించబోయిన అధ్యాపకుడి కేసు అది. సెషన్స్ కోర్టు నామమాత్రపు శిక్ష వేయగా బొంబాయి హైకోర్టు మూడేళ్లకు పెంచింది. తీర్పు నకలు సకాలంలో అందలేదంటూ అతను సుప్రీంకోర్టుకు చేరేసరికి శిక్షాకాలమే పూర్తయింది. కోర్టు అతని పిటిషన్‌ను కొట్టివేసింది. కానీ జైలు శిక్ష పడిన వ్యక్తికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలని, న్యాయవాదిని పెట్టుకోలేని ఖైదీకి అప్పీలు కోసం న్యాయసహాయం అందించాలని అదే తీర్పులో జస్టిస్ వి.ఆర్. కృష్ణ అయ్యర్ ఆదేశించారు. ఒక దోషి కేసులో వెలువడిన ఆ మాట నేటికీ వేలాది పేదలకు అండ.

కాబట్టి తీర్పు వెలువడిన రోజే నకలు అడగండి. సెషన్స్ కోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టులో 60 రోజులు గడువు. ఆలస్యమైతే తగిన కారణం చూపి మన్నింపు కోరవచ్చు. ఖైదీ జైలు అధికారుల ద్వారానే అప్పీలు పంపవచ్చు. కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచిత న్యాయవాదిని పొందవచ్చు. అప్పీలు తేలేవరకు శిక్ష నిలుపుదల, బెయిలు కోరవచ్చు.

సంతకం దొంగిలించబడిన మనిషి నష్టాన్ని మనం మరువరాదు. ఆ బాధితురాలు మన వీధిలోనే పింఛనుపై బతికే వితంతువు కావచ్చు. ఆమెకు సొమ్ము తిరిగి దక్కాలి. అలాగని సరైన వాదన వినిపించలేని పేదవాడిని జైల్లో మరచిపోతే ఆమెకు ఒరిగేదీ లేదు. మన అంజుమన్లు, మసీదు కమిటీలు నేరాన్ని సమర్థించనక్కరలేదు. గడువులోగా ఆ ఇంటి తలుపు తట్టి, ‘తీర్పు నకలు తెచ్చుకున్నారా?’ అని అడిగితే చాలు.